దిగిపోయినంక ఇల్లెక్కడ?

నెలాఖరు రోజున మందమర్రి ఏరియాలో ఏ గని మీదికి వెళ్లినా ఒక షామియానా, దాని కింద నాలుగైదు కుర్చీలు కనిపిస్తాయి. ఆ నెల దిగిపోతున్న కార్మికులు మెడలో దండలతో అక్కడ కూర్చుంటారు. శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు, మేనేజరు రెండు మాటలు, యూనియన్ వాళ్లు నాలుగు మాటలు చెబుతారు. తర్వాత తోటివాళ్లు డప్పులతో ఇంటిదాకా తీసుకుపోతారు. ఆ నడకలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాట ఒకటుంది.

"అన్నా, ఇల్లెక్కడ తీసుకున్నవే?"

కొడుకు ఏం చేస్తున్నాడు, పింఛను ఎంత వస్తుంది అన్నవి తర్వాతి ముచ్చట్లు. ముందు ఇల్లు. ఎందుకంటే డప్పులు ఆగే వాకిలి ఆయనది కాదు, సింగరేణి బొగ్గు కంపెనీది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన క్వార్టర్‌ను ఖాళీ చేసి తాళంచెవి అప్పగించాలి. అడిగినవాడికి వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "మంచిర్యాలల. ఫ్లాటు."

మందమర్రి నుంచి మంచిర్యాల ఇరవై కిలోమీటర్ల లోపే. రైలులో పోతే మధ్యలో రవీంద్రఖని స్టేషను ఒక్కటే. 363వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక బండి మీద అరగంట దారి. అంత దగ్గరి ఊరికి పోవడాన్ని వలస అనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ తాత బాయి పనికి వచ్చి, తండ్రి అదే బాయి దిగి, మనవడు సింగరేణి బడిలో అక్షరాలు దిద్దిన కుటుంబం ఆ ఊళ్లో తన పేరున గజం నేల లేకుండా మూటాముల్లె సర్దుకుంటే, ఆ పోవడాన్ని ఇంకేమనాలి?

కారణం చట్టంలో ఉంది. మందమర్రి షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. జనం నోట అది "వన్ ఆఫ్ సెవెంటీ" అయింది. దాని ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు. గిరిజనుడి దగ్గర కొనడమే కాదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బరువు పట్టుకున్నవాడిదే. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని నిలబెట్టింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం తన సొంత భూమిని కూడా ఇక్కడ గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదంది. ప్రభుత్వ రంగ సంస్థలకు మాత్రం దారి ఉంచింది. సింగరేణిలో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అట్లా కంపెనీ ఇక్కడ తవ్వగలదు, కార్మికుడు ఇక్కడ కొనలేడు.

ఈ చట్టాన్ని తిట్టుకోవడం టీ కొట్ల దగ్గర మామూలే. తిట్టేముందు ఒకసారి ఆసిఫాబాద్ అడవుల వైపు చూడాలి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ నేల కోసమే. కాగితం తెలియని గోండుల, కోలాముల పొలాలు కాగితం రాయడం తెలిసినవాళ్ల చేతుల్లోకి ఎట్లా పోయాయో నిజాం ప్రభుత్వమే ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ చేత విచారణ చేయించి తెలుసుకుంది. ఈ అడ్డుకట్టే లేకపోతే చుట్టుపక్కల గూడేల భూములకు ఈపాటికి హద్దురాళ్లు పాతి వెంచర్ల పేర్లు పెట్టేవారు. చట్టం న్యాయమైనది. కార్మికుడి బాధా నిజమైనదే. ఒకదాన్ని చెప్పడానికి ఇంకోదాన్ని అబద్ధం చేయనక్కర్లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతం కావడం వల్లే మందమర్రికి ఇంకో లోటు కూడా ఉంది. మున్సిపాలిటీ పేరుండి రెండు దశాబ్దాలు దాటినా అక్కడ పాలకవర్గానికి ఎన్నికలు లేవు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని మున్సిపాలిటీలకు పార్లమెంటు వేరే చట్టం చేయాలని రాజ్యాంగం చెబుతోంది. పంచాయతీల కోసం 1996లో పెసా చట్టం వచ్చింది, పట్టణాల కోసం అట్లాంటిది రాలేదు. 2020 జనవరిలో పక్కనున్న క్యాతనపల్లిలో జనం వరుసకట్టి కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. మందమర్రి వాళ్లు చూస్తూ ఉండిపోయారు. రామకృష్ణాపూర్ గనుల ఊరు క్యాతనపల్లి మున్సిపాలిటీలోదే. అదే బొగ్గు, అదే దుమ్ము; హద్దు దాటితే చట్టం వేరు.

అట్లాగని మందమర్రిలో ఇళ్లు చేతులు మారడం లేదని కాదు. తెల్లకాగితం మీదనో, స్టాంపు కాగితం మీదనో నలుగురు పెద్దమనుషుల సంతకాలతో మారుతూనే ఉన్నాయి. పాలచెట్టు, యాపల్, రామన్ కాలనీ వైపు రెండంతస్తుల డాబాలూ కనిపిస్తాయి. కానీ ఆ కాగితాన్ని బ్యాంకు ముట్టుకోదు. తెలంగాణ వచ్చాక సింగరేణి కార్మికులకు 10 లక్షల వరకు ఇంటి రుణం మీద వడ్డీని కంపెనీ భరించే ఏర్పాటు వచ్చింది. మంచి పథకం. దాన్ని వాడుకోవాలంటే ముందు బ్యాంకు రుణం ఇవ్వాలి, బ్యాంకు ఇవ్వాలంటే రిజిస్టరైన పత్రం కావాలి. ఆ పత్రం ఇరవై కిలోమీటర్ల అవతల దొరుకుతుంది.

మంచిర్యాల మాట ఎత్తినప్పుడు ఇంట్లో జరిగే సంభాషణ దాదాపు ఇట్లా ఉంటుంది.

"మూడో అంతస్తా? బతుకమ్మను ఏడ పేర్చాలె, ఏడ ఆడాలె?"

"కిందికి దిగి ఆడుదురు తియ్."

"లిఫ్టుల బతుకమ్మను పట్టుకొని దిగుడా? వాడకట్టంత ఈడ ఆడుతుంటే నేను ఆడ ఎవలతోని ఆడాలె?"

"మన పేరు మీద కాయితం కావాలెనే. ఎన్నొద్దులు కంపెనీ ఇంట్ల ఉంటం?"

ఆమె అడిగేది చిన్న సంగతి కాదు. క్వార్టర్ అంటే పైకి రెండు గదులే. వెనక రేకులేసి పెంచుకున్న వంటిల్లు, గోడ పక్కన కరివేపాకు, జామ, మునగ, నీడకు వేప, ఆ వేప కింద మంచం. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే పక్కింటివాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడే వాడ అది. మగవాళ్లంతా ఏ షిఫ్టులో ఉన్నారో ఆడవాళ్లందరికీ తెలుసు. గని మీద ప్రమాదం జరిగిందని కబురొస్తే ఎవరి ఇంటి ముందు గుంపు కట్టాలో చెప్పనక్కర్లేదు. కంపెనీ కరెంటు, కంపెనీ నీళ్లు, కంపెనీ దవాఖాన. ఇల్లు వాళ్లది కాదన్న సంగతి దిగిపోయే ఏడాది వరకు గుర్తుకే రాదు.

మరి క్వార్టర్ వదిలాక మందమర్రిలోనే కిరాయికి ఉండొచ్చు కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. ఉత్తర తెలంగాణలో పెరిగినవారెవరూ ఆ మాట అనరు. ఇక్కడ సొంతిల్లు కావాలనడానికి అసలు కారణం బతికి ఉన్నప్పటి సుఖం కాదు. కిరాయి ఇంట్లో మనిషి చనిపోతే శవాన్ని లోపలికి తీసుకురానివ్వని ఇంటివాళ్లు ఎందరో ఉన్నారు. పదకొండో రోజు దాకా ఆ ఇంట్లో దీపం పెట్టనివ్వరు. దవాఖాన నుంచి తెచ్చిన శవాన్ని రోడ్డు పక్కనో, ఖాళీ జాగాలోనో టెంటు వేసి పడుకోబెట్టిన కుటుంబాల కథలు కరీంనగర్, సిరిసిల్ల, ఆదిలాబాద్ వైపు ఎవరిని అడిగినా చెబుతారు. అరవై దాటిన మనిషికి ఆ భయం ఒట్టి ఊహ కాదు. "పీనుగను దించుకునే వాకిలన్న ఉండాలె" అని ముసలివాళ్లు అంటారు. ఫ్లాట్ల బ్రోషర్లలో ఈతకొలను బొమ్మ ఉంటుంది. కొనేవాడి మనసులో ఈ వాకిలి ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. ఉన్నవాళ్ల జీతాలు మాత్రం పెరిగాయి. 11వ వేజ్ బోర్డు బకాయిల కింద 2023 సెప్టెంబరులో సుమారు 1,450 కోట్ల రూపాయలు కార్మికుల ఖాతాల్లో పడ్డాయి. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్. 2021లో పదవీ విరమణ వయసు 60 నుంచి 61కి పెరిగింది. దిగిపోయేటప్పుడు 20 లక్షల పరిమితితో గ్రాట్యుటీ, దానితో పాటు ప్రావిడెంట్ ఫండ్ వస్తాయి. ఇదంతా ఒక్కసారి చేతికొచ్చే సొమ్ము. తర్వాత నెలనెలా వచ్చేది 1998 నాటి బొగ్గుగని పింఛను పథకం డబ్బు. అది ధరలతో పాటు పెరగదు. అంటే కార్మికుడి జీవితంలో ఇల్లు కొనగలిగే కిటికీ తెరుచుకునేది కొద్ది నెలలే. ఆ నెలల్లో అతను ఎవరి చేతిలో పడతాడన్నదే మిగతా బతుకును తేలుస్తుంది.

మంచిర్యాల ఆ సొమ్ము కోసం ఎదురుచూస్తూ పెరిగిన ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. అదే ఏడాది పక్కన జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వచ్చింది. 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు. 2025 జనవరిలో నస్పూర్‌ను కలుపుకొని నగరపాలక సంస్థ అయింది. ఒకప్పుడు పెంకుటిళ్లు, ముందు అరుగులు, వెనక బావులు ఉన్న వీధుల్లో ఇప్పుడు స్టిల్టు మీద నాలుగు, ఐదు అంతస్తులు లేస్తున్నాయి. వారసులు పంచుకోలేని పాత ఇంటిని బిల్డరుకు ఇస్తారు. వాళ్లకు రెండు ఫ్లాట్లు, మిగతావి అమ్మకానికి. ఆ పెంకుటింట్లో వెనకవైపు రెండు వాటాల్లో కిరాయికున్న టైలరూ, ఆటో నడిపేవాడూ ఇంకో వీధి వెతుక్కుంటారు. వాళ్ల కోసం శాలువాలు, డప్పులు ఉండవు.

1964లో లండన్ గురించి రాస్తూ సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ ఇట్లాంటి మార్పుకు జెంట్రిఫికేషన్ అనే మాట పుట్టించారు. కూలినాలి చేసుకునేవాళ్లు ఉండే ఇస్లింగ్టన్ లాంటి పేటల్లోకి కలిగినవాళ్లు వచ్చి, ఇళ్లు బాగుచేసుకుని, కిరాయిలు పెంచి, చివరికి పాతవాళ్లను వెళ్లగొట్టిన తీరు ఆమె చూశారు. మంచిర్యాల కథ అందులో సగమే ఇముడుతుంది. ఇక్కడ వచ్చేది దొరలు కాదు. తట్టా చెమ్మస్ (పార) పట్టి, టబ్బులు నింపి, మోకాళ్లు అరిగిన మనిషి. అతని రాకతోనే ఆ వీధి ఖరీదు పెరిగి ఇంకో కష్టజీవి జరగవలసి వస్తుంది. తన ఊళ్లో నేల దొరకనివాడు పక్క ఊరివాడి నీడను తెలియకుండానే కదిలిస్తాడు. ఇందులో అతని తప్పు లేదు. కానీ జరుగుతున్నది మాత్రం అదే.

కరీంనగర్ ప్రాంతానికి ఈ కథలో ఇంకో కొస తెలుసు. ఇక్కడి పద్మశాలి కుటుంబాలు ఎన్నో బొంబాయి మిల్లులకు వెళ్లి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాల్‌లలో తరాల తరబడి కాపురమున్నాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2006లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ భూముల అమ్మకానికి అడ్డు తొలగింది. చిమ్నీల చోట అద్దాల మేడలు, మాల్‌లు లేచాయి. మిల్లు కార్మికులకు ఇళ్లు లాటరీలో తీశారు. పేరు వచ్చేసరికి ఎందరో కార్మికులు చనిపోయారు; వారసులు కాగితాలు పట్టుకొని తిరిగారు. బట్ట నేసినవాడికి ఆ నేల మీద హక్కు లేకపోవడం బొంబాయిలో మార్కెట్టు చేసిన పని. మందమర్రిలో బొగ్గు తీసినవాడికి హక్కు లేకపోవడానికి మార్కెట్టు కారణం కాదు, ఇంకా పాత అన్యాయానికి వేసిన మందు కారణం. ఈ తేడాను మరిచిపోయి "వన్ ఆఫ్ సెవెంటీ ఎత్తేస్తే సరి" అనేవాళ్లు బొంబాయిలో ఏం జరిగిందో ఒకసారి కనుక్కోవాలి. ఎత్తేస్తే కొనేది కోల్‌కట్టర్ కాదు. అతనికంటే ముందు హైదరాబాద్ నుంచి కార్లు వస్తాయి.

మంచిర్యాలలో కొనేవాడు ఏం కొంటున్నాడో కూడా చెప్పుకోవాలి. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు అని చెప్పినదాంట్లో మెట్లు, వరండాలు, గోడల మందం పోగా లోపల కాలు పెట్టే నేల తొమ్మిది వందలు కూడా ఉండకపోవచ్చు. రెరా చట్టం 2016లో వచ్చింది ఇందుకే: కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద చెప్పాలని. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఫ్లాట్లు దాటిన ఏ కట్టడమైనా రెరాలో నమోదు కావాలి. నేలలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. నలభై ఏళ్ల తర్వాత భవనం కూలగొడితే మిగిలేది ఆ గజాలే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 40 లక్షల ఫ్లాటుకు 3 లక్షలు. గని మీద ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ములోంచి ఒక్క పూటలో పోయే ఆ మూడు లక్షల గురించి చాలామందికి చివరి వారం దాకా తెలియదు.

గోదావరి సంగతి అంతకంటే ముఖ్యం. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు రాళ్లవాగు నీళ్లు వెనక్కి తన్ని మంచిర్యాల లోతట్టు కాలనీలు మునిగాయి. నది ఒడ్డున కట్టిన మాతాశిశు ఆసుపత్రిలోకే నీళ్లు వస్తే బాలింతలను, పసిపిల్లలను వేరే చోటికి తరలించారు. ఎండాకాలంలో ఫ్లాటు చూపించేవాడు ఈ ముచ్చట చెప్పడు. ఆ వీధిలో ఇరవై ఏళ్లుగా ఉన్న కిరాణా కొట్టు ఆమెను అడిగితే నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చేత్తో చూపిస్తుంది.

ఈ మాటల్లో ఎక్కడా కనిపించని మనుషులు ఇంకో పాతికవేల మందికి పైగా ఉన్నారు. సింగరేణిలో కాంట్రాక్టు కార్మికులు. మట్టి ఎత్తేది, బొగ్గు రవాణా చేసేది, క్వార్టర్ల ముందు మురికి కాలువ తీసేది వాళ్లే. 2024లో మొదటిసారిగా లాభాల నుంచి తలా 5 వేల రూపాయలు ఇచ్చారు. క్వార్టర్ లేదు, వడ్డీ పథకం లేదు. మందమర్రిలో ఉంటే కిరాయి రేకుల గది. మంచిర్యాల ఫ్లాటు వాళ్లకు బస్సు కిటికీలోంచి కనిపించే బొమ్మ. పర్మనెంటు కార్మికుడి సొంతింటి గురించి మాట్లాడే యూనియన్లు వీళ్ల ఇంటి మాటను కూడా అదే గొంతుతో ఎత్తకపోతే ఆ పోరాటం సగమే అవుతుంది.

పరిష్కారం లేదనడం తప్పు. బెల్లంపల్లిలో, నస్పూర్‌లో సింగరేణి వదులుకున్న స్థలాల్లో ఏళ్ల తరబడి ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలు ఇచ్చారు. ఒకప్పటి బొగ్గు రాజధాని బెల్లంపల్లి గనులు మూతపడి వెలవెలబోయాక, మిగిలిన జనానికి ఆ పట్టాయే కాస్త ధైర్యం. షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట కంపెనీకి, ప్రభుత్వానికి భూమి ఉన్నప్పుడు సర్వీసు చివరి ఏళ్లలో ఉన్న కార్మికులకు అక్కడ ఇంటి స్థలం ఎందుకు ఇవ్వకూడదు? 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో ప్రతి జెండా సొంతింటి హామీ ఇచ్చింది. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఆ హామీ ఇప్పుడు అప్పుగానే ఉంది.

స్థలం ఇస్తే మనిషి తన వాకిలిని తాను కట్టుకుంటాడు. వేప మొక్క నాటుకుంటాడు. ఇంటావిడ వాడకట్టు ఆడవాళ్లతో కలిసి బతుకమ్మ ఆడుతుంది. ఒక పేట కార్మికులు ఒకేచోట దిగితే మంచిర్యాల టైలరు జరగవలసిన అవసరం కూడా తగ్గుతుంది. మందమర్రి గూడేల భూమిని ఎవరూ తాకనక్కర్లేదు.

ఆ స్థలం వచ్చేదాకా మంచిర్యాలలో కొనబోయేవారికి చెప్పేది ఒక్కటే. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి, రెరా నంబరు అడగండి, దస్తావేజులో గజాలు లెక్కపెట్టుకోండి. బయానా ఇచ్చేముందు ఒక వానాకాలం ఆ వీధిని చూడండి. ఇంటావిడను ఒక్కసారైనా వెంట తీసుకుపోయి, ఆ మూడో అంతస్తు వరండాలో కాసేపు కూర్చోబెట్టి, ఆమె ఏమంటుందో వినండి.

కంపెనీకి చెప్పేదీ ఉంది. ప్రతి కార్మికుడి పుట్టిన తేదీ రికార్డులో ఉంది. అతనికి 61 నిండే నెల అతను చేరిన రోజునే తెలుసు. ఇంటి స్థలం గురించి ఆలోచించడానికి ఆ నెలాఖరు షామియానా దాకా ఆగవద్దు.